ఎర్త్ పిన్ను కోయకండి: చవితికి ముందు యాంప్లిఫయర్లు విప్పేవారికి జాగ్రత్తలు

2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు తగిలి ఐదుగురు మరణించిన తరువాత, పందిళ్లు వేసేవారూ ఊరేగింపులు తీసేవారూ తలెత్తి పై తీగల వంక చూడడం నేర్చుకున్నారు. ఆ విషయం నేను మళ్లీ చెప్పనక్కరలేదు. తడి చేతులతో స్విచ్చు ముట్టవద్దనీ, వానలో వైర్లు నేల మీద పరచవద్దనీ కూడా చెప్పను, అవి అందరికీ తెలిసినవే. నేను రాస్తున్నది సొంతంగా ఎలక్ట్రానిక్స్ నేర్చుకుంటూ, బృందంలోని యాంప్లిఫయర్‌నో మిక్సర్‌నో కీబోర్డు అడాప్టర్‌నో తానే బాగుచేసుకుందామని స్క్రూడ్రైవర్ పట్టుకున్న యువకుల కోసం.

క్రిందటి వారం మా పేట భజన బృందంలో పాడే పెద్దాయన, పెదవి మైకుకు తగలగానే వెనక్కి విరుచుకుపడ్డారు. ప్రాణాలు దక్కాయి, పెదవి మీద గోరంత కాలిన గాయం మిగిలింది. మర్నాడు ఆ యాంప్లిఫయర్ నా బల్ల మీదకు వచ్చింది. పైమూత విప్పకముందే కారణం కనిపించింది. మూడు పిన్నుల ప్లగ్గులో పైనుండే లావుపాటి పిన్ను లేదు. అది విరిగిపోలేదు. ఎవరో రంపపు బ్లేడుతో నున్నగా కోసి, మొండి మీద నల్ల టేపు రెండు చుట్లు శ్రద్ధగా చుట్టారు. లోపల స్విచ్చుకు వెళ్లే ఎర్ర తీగ ఎలుక కొరికిన చోట రేకుకు ఆనుకొని ఉంది. చవితికి ముందు వినాయకుడి వాహనం చేసిన పని అనుకొని నవ్వుకోవచ్చు కాని, తప్పు ఎలుకది కాదు. ఎర్త్ పిన్ను ఉండి ఉంటే, ఆ తీగ రేకుకు తగిలిన క్షణంలోనే ఫ్యూజు పోయి ఉండేది, లేదా ఎం.సి.బి. (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగే స్విచ్చు) పడిపోయి ఉండేది, ఆ రోజు భజన కాసేపు ఆగేది, అంతే. పిన్ను కోసినది బృందంలోనే ఉన్న డిగ్రీ కుర్రాడు. అడిగితే, “హమ్మింగ్ పోయింది కదండీ” అన్నాడు. అతడు అబద్ధం చెప్పలేదు, హమ్మింగ్ నిజంగానే పోయింది.

ముప్పు అక్కడే ఉంది. ఈ పద్ధతి పనిచేస్తుంది కాబట్టే సౌండు పెట్టేవారి మధ్య ఇది ఒక చిట్కాగా, చివరకు ఒక విద్యగా చలామణి అవుతోంది. ఇన్నేళ్లలో నేను చూసిన తప్పులలో మనుషులను నేలకూల్చినది ఎక్కువగా ఇదే. అందుకే ఈ వ్యాసంలో ఒక్క మాటను పలుమార్లు చెబుతాను, విసుక్కోకండి. ఎర్త్ పిన్ను కోయకండి.

హమ్మింగ్‌ను ముందు చెవితో గుర్తించండి

మన సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జ్. యాంప్లిఫయర్‌లో వినిపించే రొద సాధారణంగా రెండు రకాలుగా ఉంటుంది, పాట తెలిసినవారికి ఈ తేడా మీటరు లేకుండానే దొరుకుతుంది. మొదటిది 50 హెర్ట్జ్ వద్ద లావుగా, గుండ్రంగా మోగుతుంది. మన లెక్కలో ఇది ఐదు శ్రుతి షడ్జమం దగ్గర, బాగా కింది స్థాయిలో, కాస్త హెచ్చుగా పలుకుతుంది. రెండవది సరిగ్గా దాని పై స్థాయిలో, 100 హెర్ట్జ్ వద్ద, కొంచెం గరగరమంటూ వినిపిస్తుంది.

పై స్థాయిలో గరగరమంటే చాలావరకు పవర్ సప్లైలోని పెద్ద ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయిందని అర్థం. నాలుగు డయోడ్‌ల బ్రిడ్జి అలలోని రెండు సగాలనూ ఒకే వైపుకు తిప్పుతుంది కాబట్టి అక్కడ 50 కాస్తా 100 అవుతుంది. కండెన్సర్ మారిస్తే రోగం కుదురుతుంది. కింది స్థాయిలో గుంయ్‌మంటే సాధారణంగా తప్పు డబ్బాలో ఉండదు, రెండు డబ్బాల మధ్య ఉంటుంది. మిక్సర్‌ను ఒక గోడ ప్లగ్గులోనూ, యాంప్లిఫయర్‌ను మరో గదిలోని ప్లగ్గులోనూ పెట్టి, రెంటినీ సిగ్నల్ కేబుల్‌తో కలిపినప్పుడు, ఆ రెండు చోట్ల ఎర్త్‌ల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజీ తేడా వల్ల కేబుల్ షీల్డు (లోపలి తీగల చుట్టూ ఉండే లోహపు అల్లిక) గుండా కరెంటు పారుతుంది, అదే స్పీకరులో మోగుతుంది. ఎర్త్ పిన్ను కోస్తే ఈ చుట్టు తెగిపోయి రొద ఆగుతుంది. దానితోపాటు డబ్బాకున్న రక్షణ కూడా తెగిపోతుంది. ఇకమీదట లోపల ఏ తీగ రేకుకు తగిలినా, ఆ 230 వోల్టులు రేకు మీద, రేకు నుంచి షీల్డు మీద, షీల్డు నుంచి మైకు జాలీ మీద మౌనంగా కూర్చొని ఉంటాయి. పందిట్లో చెప్పులు విడిచి, పసుపునీళ్లూ వాననీళ్లూ కలిసిన నేల మీద నిలబడి, జాలీకి పెదవి ఆనించి పాడే మనిషే ఆ కరెంటుకు దారి అవుతాడు. తడిసిన ఒంటికి సుమారు వెయ్యి ఓములు వేసుకున్నా 200 మిల్లీ ఆంపియర్లు దాటుతాయి. గుండె లయ తప్పడానికి అందులో నాలుగో వంతైనా చాలవచ్చు. ఆరు ఆంపియర్ల ఎం.సి.బి. లెక్కలో మాత్రం అది ఒక చిన్న బల్బు వాడకం కన్నా ఎక్కువేమీ కాదు కాబట్టి ఎం.సి.బి. కదలదు. ఎం.సి.బి. కాపాడేది తీగను. మనిషిని కాపాడడానికి వేరే ఆర్.సి.సి.బి. (కరెంటు దారి తప్పి నేలకు పోతుంటే సరఫరా ఆపే స్విచ్చు) ఉండాలి, అది 30 మిల్లీ ఆంపియర్లదై ఉండాలి.

ఇది మన పల్లెల్లోనే జరిగే పొరపాటు అనుకోవద్దు. స్టోన్ ద క్రోస్ అనే బృందంలో గిటారు వాయించిన లెస్ హార్వే 1972లో స్వాన్‌సీలో, ఎర్త్ లేని మైకును తాకి వేదిక మీదనే మరణించాడు. యార్డ్‌బర్డ్స్ గాయకుడు కీత్ రెల్ఫ్ 1976లో ఇంట్లో గిటారు వాయిస్తూ విద్యుదాఘాతంతో పోయాడు.

మరి రొద పోవాలంటే ఏమి చేయాలి? ముందుగా మిక్సర్‌నూ యాంప్లిఫయర్‌నూ కీబోర్డునూ ఒకే బోర్డు నుంచి నడపండి, దానితోనే సగం ఫిర్యాదులు తీరిపోతాయి. రెండవది, వీలున్నచోటల్లా మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లతో బ్యాలన్స్‌డ్ కనెక్షన్ (సిగ్నల్‌కు రెండు తీగలు, షీల్డు వేరుగా) ఇవ్వండి. మూడవది, రెంటి మధ్య ఒకటికి ఒకటి చుట్లున్న ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. అందులో సిగ్నల్ అయస్కాంత బలంతో దాటుతుంది, షీల్డు దాటదు. వాద్యాన్ని మిక్సర్‌కు కలిపే డి.ఐ. బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న మీట ఉంటుంది, దానిని నిర్భయంగా వాడండి, ఎందుకంటే అది విడదీసేది సిగ్నల్ షీల్డును మాత్రమే, మెయిన్స్ ఎర్త్‌ను కాదు. చేత సోల్డరింగ్ ఐరన్ ఉన్నవారు, బ్యాలన్స్‌డ్ లైన్ కేబుల్‌లో షీల్డును యాంప్లిఫయర్ వైపు కొసలో విప్పి, మిక్సర్ వైపు ఉంచవచ్చు. కండెన్సర్ మైకు కేబుల్‌కు మాత్రం ఆ పని చేయకూడదు, దానికి కావలసిన 48 వోల్టుల ఫాంటమ్ సరఫరా ఆ షీల్డు మీదనే వెనక్కి రావాలి. ఇన్ని దారులు ఉన్నాయి. వీటిలో ఏదీ ప్లగ్గు జోలికి పోదు. ఎర్త్ పిన్ను కోయకండి.

మూత విప్పిన తరువాత

ప్లగ్గు పీకేశాను కాబట్టి లోపల ఏమీ ఉండదనుకోవడం పొరపాటు. పందిళ్లలో వాడే యాంప్లిఫయర్లలో 70 వోల్టుల రెయిలు (లోపలి డి.సి. సరఫరా లైను), దాని మీద పదివేల మైక్రోఫారడ్‌ల కండెన్సర్ ఉండడం మామూలే. అందులో దాదాపు పాతిక జౌళ్ల శక్తి నిలవ ఉంటుంది. కీబోర్డు అడాప్టర్ల వంటి ఎస్.ఎం.పి.ఎస్. (స్విచింగ్ పవర్ సప్లై) డబ్బాలు చూడడానికి చిన్నవే కాని, మొదటి కండెన్సర్ మీద 325 వోల్టుల డి.సి. ఉంటుంది, ఎందుకంటే 230 అనేది ఆర్.ఎం.ఎస్. లెక్క (ఒక రకమైన సగటు), అల శిఖరం అంతకన్నా ఎత్తు. వాల్వు గిటార్ యాంప్లిఫయర్లలో నాలుగైదు వందల వోల్టులు కూడా ఉంటాయి. కొత్తగా నేర్చుకునేవారు వాల్వు యాంప్లిఫయర్ జోలికి మొదటి ఏడాది వెళ్లవద్దని నా గట్టి అభిప్రాయం.

స్క్రూడ్రైవర్‌తో రెండు కాళ్లూ కలిపి నిప్పురవ్వ లేపడం మగతనం కాదు. దానివల్ల కండెన్సర్ లోపలి కనెక్షన్ దెబ్బతింటుంది, కరిగిన లోహం కంట్లో పడుతుంది. 70 వోల్టుల రెయిలుకు ఒక కిలో ఓము, పది వాట్ల రెసిస్టర్‌ను, ఎస్.ఎం.పి.ఎస్.కు పది కిలో ఓములది, ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో తగిలించండి. పదివేల మైక్రోఫారడ్‌లు ఒక కిలో ఓము గుండా ఖాళీ కావడానికి దాదాపు ఒక నిమిషం పడుతుంది. నిమిషం గడిచాక మీటరు పెట్టి చూడండి. రెండు వోల్టులు కూడా లేవని మీటరు చెప్పిన తరువాతే వేలు పెట్టండి.

బాగుచేసిన డబ్బాను మొదటిసారి వెలిగించేటప్పుడు సీరీస్ బల్బు వాడండి. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బును ఫేజు దారిలో పెడితే, లోపల షార్టు ఉన్నప్పుడు బల్బు పూర్తిగా వెలిగి ఆగుతుంది, ట్రాన్సిస్టర్లు బతుకుతాయి. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. అయితే సీరీస్ బల్బు డబ్బాను కాపాడుతుందే గాని మిమ్మల్ని కాపాడదు, ఆ బల్బు గుండా వచ్చే కరెంటు మనిషిని చంపడానికి చాలినంత ఉంటుంది.

ఇక్కడి నుంచి వరుస పెట్టకుండా, గుర్తుకు వచ్చినవి వచ్చినట్లు రాస్తున్నాను.

ఎర్త్ లేని ఇంట్లో సాకెట్ లోపల న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ చిన్న తీగముక్కతో కలిపే పని ఎన్నడూ చేయకండి. బయట న్యూట్రల్ తెగిన రోజున ఇంట్లోని ప్రతి రేకు డబ్బా మీదా 230 వోల్టులు ఉంటాయి. ఇది పిన్ను కోయడం కన్నా ఘోరం.

టెస్టర్ వెలిగింది కాబట్టి ప్లగ్గు బాగుందని అనుకోవద్దు. టెస్టర్ ఫేజును చూపుతుంది, ఎర్త్ ఉందో లేదో చెప్పదు. మీటరుతో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య చూడండి, 230కి దగ్గరగా రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు మించితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మీటరు ఎర్ర తీగను పది ఆంపియర్ల రంధ్రంలో ఉంచి మెయిన్స్ వోల్టేజీ కొలవవద్దు. అది కొలవడం కాదు, షార్టు చేయడం. నా శిష్యుడొకడి మీటరు అతడి చేతిలోనే పేలింది. ప్రతిసారీ తీగ ఏ రంధ్రంలో ఉందో చూసి, ఆ తరువాతే కొలవండి.

రంగులను నమ్మవద్దు. కొత్త తీగల్లో నీలం న్యూట్రల్, మన పాత మూడు ఫేజుల వైరింగులో నీలం ఒక ఫేజు.

ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టవద్దు.

కోఠి గుజరాతీ గల్లీలో గాని మరెక్కడైనా గాని సి5200, ఎ1943 పవర్ ట్రాన్సిస్టర్ల జత సగం ధరకు ఇస్తానంటే కొనవద్దు. దొంగ ట్రాన్సిస్టర్ పోతే తనతోపాటు స్పీకరును కూడా తీసుకుపోతుంది.

ట్రాన్సిస్టర్‌కూ హీట్ సింకుకూ మధ్య మైకా రేకు మరచిపోకండి. మరచిపోతే ట్రాన్సిస్టర్ వెనుక రేకు మీదున్న రెయిలు వోల్టేజీ హీట్ సింకు మీదకు ఎక్కుతుంది.

స్పీకరు తగిలించే ముందు యాంప్లిఫయర్ అవుట్‌పుట్ మీద డి.సి. కొలవండి. 100 మిల్లీవోల్టులు దాటితే తగిలించవద్దు.

వెలుగుతున్న డబ్బాలో కొలిచేటప్పుడు ఎడమ చేయి జేబులో ఉండాలి. ఉంగరం, కడియం తీసివేయండి. కాళ్ల కింద ఎండిన చెక్క పీట వేసుకోండి. ఒంటరిగా విప్పవద్దు. నిద్ర వస్తుంటే అసలు విప్పవద్దు.

డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోందని ఎవరైనా చెబితే “మామూలే” అని కొట్టివేయకండి. రెండు పిన్నుల అడాప్టర్‌లో ఫిల్టర్ కండెన్సర్ వల్ల స్వల్పంగా అలా అనిపించవచ్చు, కాని మూడు పిన్నుల రేకు డబ్బా జివ్వుమంటే ఎర్త్ ఎక్కడో పోయిందని అర్థం. అక్కడికక్కడే పీకేయండి, పాట మధ్యలో ఉన్నా సరే.

పందిరికి జనరేటర్ తెస్తే దానికి ఎర్త్ కడ్డీ వేశారో లేదో కళ్లతో చూడండి. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డును పందిరి దరిదాపులకు రానివ్వకండి, దానిలో దూర్చిన మూడు పిన్నుల ప్లగ్గు ఎర్త్ కోసిన ప్లగ్గుతో సమానం. ఎర్త్ పిన్ను మిగతా రెంటికన్నా పొడవుగా, లావుగా ఉండడానికి కారణం అది అన్నిటికన్నా ముందు తగలాలని, అన్నిటికన్నా చివర వీడాలని. ఆ పొడవును ఎవరూ సరదాకు పెట్టలేదు. కోయకండి.

మరమ్మతుకు వచ్చిన ప్రతి డబ్బాకూ, రోగం ఏదైనా సరే, ముందు ప్లగ్గు లావు పిన్ను నుంచి వెనుక రేకు మీది మరకు మీటరు పెట్టండి. ఒక ఓముకు లోపల ఉండాలి. మర మీద పెయింటు ఉంటే గీకి కొలవండి. కోసిన ప్లగ్గు కనిపిస్తే, యజమాని వద్దన్నా సరే, మార్చిన తరువాతే తిరిగి ఇవ్వండి. ఒప్పుకోకపోతే బాగుచేయకుండానే వెనక్కి పంపండి. హమ్మింగ్ వస్తోందని మళ్లీ గొడవ పెడతారు. పెట్టనివ్వండి.

ఎవరికైనా షాక్ కొట్టి అంటుకుపోతే ముట్టుకోవద్దు, మెయిన్ స్విచ్చు ఆపండి. అందకపోతే ఎండిన వెదురు కర్రతో మైకును తోసివేయండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి నూటికి తగ్గకుండా నొక్కుతూ, పక్కవారిచేత 108కి ఫోను చేయించండి. లేచి కూర్చొని బాగానే ఉందన్నా ఆసుపత్రికి తీసుకువెళ్లి ఇ.సి.జి. తీయించండి, లయ తప్పిన గుండె కొంతసేపటికి గాని బయటపడకపోవచ్చు. ఆ యాంప్లిఫయర్‌ను మాత్రం, కార్యక్రమం ఆగిపోతుందని ఎంతమంది తొందరపెట్టినా, ఆ రాత్రికి మళ్లీ ప్లగ్గులో పెట్టవద్దు.