దారం ఆరు పోగుల్నీ ఒకేసారి లాగకండి

బెజవాడ బీసెంట్ రోడ్డు నుంచి యాంకర్ కంపెనీ ఎంబ్రాయిడరీ దారం లడి తెచ్చుకుంటే అందులో ఎనిమిది మీటర్ల దారం, కలిపి పేనిన ఆరు పోగులు ఉంటాయి. మంగళగిరి కాటన్ జాకెట్టు మీద పువ్వులకు రెండు పోగులే చాలు. ఆ రెంటినీ కలిపి లాగితే మిగతా నాలుగూ మెలిపడి చిక్కుముడైపోతాయి. ఒక్కో పోగునే పట్టుకుని నిట్టనిలువుగా పైకి లాగండి. కిందివి ముడుచుకుపోయినట్టు కనిపిస్తాయి, కంగారొద్దు, దులిపితే సర్దుకుంటాయి. అలా విడివిడిగా తీసిన పోగుల్ని మళ్ళీ పక్కపక్కన చేర్చి కుట్టండి. నిండు కుట్టు (శాటిన్ స్టిచ్) ఎంత నున్నగా వస్తుందో మీరే చూస్తారు!

ఇంకోటి, ముడి వేయకుండా మొదలుపెట్టడం. నాకు ఇది తెలిశాక జాకెట్టు లోపల ముడులు గుచ్చుకునే బాధ పోయింది. మూరెడు దారం బదులు రెండు మూరల ఒంటి పోగు తీసుకుని సగానికి మడవండి. రెండు కొసలూ కలిపి సూదిలోకి ఎక్కిస్తే చివర ఉచ్చు మిగులుతుంది. గుడ్డ అడుగు నుంచి సూది పైకి తెచ్చి, ఉచ్చును అడుగునే కాస్త వదిలి, పక్కనే కిందికి దించి ఆ ఉచ్చులోంచి లాగండి. అంతే, బిగిసిపోతుంది. రెండు, నాలుగు లాంటి సరిసంఖ్య పోగులకే ఇది కుదురుతుంది.

మన బెజవాడ ఎండల్లో చేతి చెమట లేతరంగు దారాన్ని ఇట్టే మాపేస్తుంది. పక్కన పొడిగుడ్డ పెట్టుకోండి. రాత్రి పక్కన పెట్టేటప్పుడు గుడ్డకు బిగించిన ఫ్రేమ్ తీసేయండి, లేకపోతే గుండ్రటి మరక పడుతుంది.