వైఫై స్లోగా ఉందా? ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

నెట్ నెమ్మదించగానే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేయకండి. రౌటర్ ఒకసారి ఆపి ఆన్ చేసి, లాప్‌టాప్‌ని కేబుల్‌తో నేరుగా దానికి కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. కేబుల్‌లో పూర్తి స్పీడ్ వస్తూ వైఫైలో రాకపోతే సమస్య మీ ఇంట్లోనే ఉంది. కేబుల్‌లోనూ రాకపోతే ఆ స్క్రీన్‌షాట్‌తో కంప్లైంట్ పెట్టండి, అప్పుడు వాళ్లు మాట దాటవేయడం కష్టం. 200 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి కూడా టెస్ట్ ఎప్పుడూ 95 దగ్గరే ఆగుతోందంటే, చాలాసార్లు కారణం 100కి మించి పంపలేని పోర్టో, పాత కేబులో.

ఇక రౌటర్ ఎక్కడ పెట్టారో చూడండి. మన ఇళ్లలో ఫైబర్ వైరు ఎక్కడ లోపలికి వస్తే అక్కడే, టీవీ వెనకో బీరువా పక్కనో బిగించేసి వెళ్లిపోతారు, ఇనుము, కాంక్రీటు సిగ్నల్‌ని బాగా అడ్డుకుంటాయి కాబట్టి కాస్త పొడవు వైరు వేయించుకునైనా సరే ఇంటి మధ్యలో, ఎత్తుగా పెట్టించండి. నన్నడిగితే కొత్త రౌటర్ కొనే ముందు చేయాల్సిన పని ఇదే.

దగ్గరలో వాడే ఫోను, టీవీలను 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి (వైఫై సిగ్నల్ నడిచే ఫ్రీక్వెన్సీకి) మార్చండి. దూరపు గదులకు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ నయం, గోడలు దాటి వెళ్తుంది. కానీ అపార్ట్‌మెంట్లలో 2.4 బాగా కిక్కిరిసి ఉంటుంది, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే అడ్డొస్తుంది. రౌటర్ సెట్టింగ్స్‌లో 2.4 బ్యాండ్‌కి ఛానెల్ 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి, ఇవి ఒకదానిమీద ఒకటి పడవు.