వానాకాలంలో సెప్టిక్ ట్యాంకు పొంగడం: సమస్య - పరిష్కారం

శ్రీకాకుళం జిల్లాలో నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్లలో, ముఖ్యంగా వరి మడులను ఆనుకొని ఉన్న ఇళ్లలో, వానలు ముదిరాక మరుగుదొడ్డి నీరు దిగకపోవడం చాలామందికి అనుభవమే. అందరూ వెంటనే ట్యాంకరును పిలిపిస్తారు. తోడించిన కొద్ది రోజులకే నీరు మళ్లీ పైకి తన్నితే, డబ్బు ఖర్చయింది కాని లోపం అలాగే ఉందన్నమాట.

ముందుగా మూత తీసి కాసేపు గాలి ఆడనిచ్చి, దూరంగా నిలబడి నీటి మట్టం చూడాలి. దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల వెలిగించకూడదు. లోపలి విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది కనుక ఏ కారణంతోనూ మనిషిని దింపరాదు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా శుభ్రం చేయడానికి దింపడం నేరం కూడా.

నీరు బయటికి పోయే గొట్టం అంచు వరకు ఉంటే అది సహజ మట్టమే. ట్యాంకు ఎప్పుడూ అలా నిండే ఉంటుంది. మట్టం సరిగా ఉండి కూడా మరుగుదొడ్డిలో నీరు నెమ్మదిగా దిగుతూ బుడబుడమంటే, అడ్డు ఇంటికీ ట్యాంకుకూ మధ్య గొట్టంలో ఉంటుంది, లేదా గాలి గొట్టం మూసుకుపోయి ఉంటుంది. ఈ రెండింటినీ శుభ్రం చేయిస్తే చాలు.

మట్టం ఆ గొట్టాన్ని దాటి ఉంటే గొట్టం నోటికి తెట్టు అడ్డుపడిందేమో మొదట చూడాలి. అది కాకపోతే లోపం, ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలలోకి పీల్చే ఇంకుడు గుంతలోనే. ట్యాంకు తోడేటప్పుడు గుంత వైపు నుంచి నీరు వెనక్కి కారుతోందా అని గమనించమని ట్యాంకరు వారికి చెప్పండి. వానల్లో మాత్రమే కారితే భూగర్భజలం గుంత అడుగును ముంచెత్తిందని అర్థం. అప్పుడు ఎన్నిసార్లు తోడించినా ఫలితం ఉండదు. పైగా ఖాళీ అయిన ప్లాస్టిక్ ట్యాంకును ఊటనీరు పైకి లేపేయవచ్చు. స్నానాల నీటిని, బట్టలుతికిన నీటిని వేరుగా మళ్లించి ఆ కాలాన్ని గడిపి, వేసవిలో లోతు తక్కువగా, వైశాల్యం ఎక్కువగా ఉండే మరో గుంత తవ్వించుకోవాలి. ఎండాకాలంలోనూ కారుతుంటే, ఏళ్ల తరబడి తోడించని ట్యాంకు నుంచి మడ్డి వెళ్లి గుంత గోడలను పూడ్చేసిందన్నమాట. కంకర మార్పించాలి, లేదా కొత్త గుంత తీయించాలి. మడ్డి ట్యాంకు లోతులో మూడో వంతుకు చేరకముందే, సాధారణంగా రెండు మూడేళ్లకొకసారి, వానలకు ముందే తోడిస్తే ఈ దుస్థితి రాదు. దుర్వాసనకు బ్లీచింగ్ పౌడరు ధారాళంగా పోయడం వల్ల మాత్రం మడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులే చస్తాయి.

తీరం వెంబడి ఇసుక నేలల్లో ఈ లక్షణాలు కనిపించకపోవచ్చు, ఎందుకంటే నీరు చకచకా ఇంకిపోతుంది. అలా ఇంకిన మురుగు చేరి కష్టం నూతికి వస్తుంది. నూతినీరు వాసన వస్తే తాగడం ఆపి పరీక్ష చేయించాలి. ఇంకుడు గుంత నూతికి కనీసం 18 మీటర్ల దూరంలో లేకపోతే, దానిని మార్చడం తప్ప వేరే ఉపాయం లేదు.