పాత పింగాణీ ముక్కల నగలు, నాలుగవ పాఠం: ఒంటి మీద ఎలా ధరించాలి

గత పాఠంలో పగిలిన కప్పు నుంచి, సాసరు నుంచి తీసిన ముక్కకు అంచులు నున్న చేసి, ముక్క అంచు చుట్టూ బిగించే సన్నని వెండి రేకు పట్టీలో పొదిగించడం వరకు వచ్చాము. కడప జిల్లా వారు ఆ పని ప్రొద్దుటూరులో చేయించుకోవచ్చు. అక్కడ నగల పని తెలిసిన చేతులకు కొదవ లేదు. ఇప్పుడు ఆ నగను ధరించే పద్ధతిని నేర్చుకుందాము. దెబ్బ తగిలితే బంగారం సొట్ట పడుతుంది, పింగాణీ పగులుతుంది. కాబట్టి దానిని ఒంటి మీద ఎక్కడ, వేటి పక్కన పెట్టుకుంటున్నామన్నది తయారీతో సమానమైన విషయమని నేను గట్టిగా నమ్ముతాను.

ముందుగా అంచును పరీక్షించండి. మెత్తని పట్టు గుడ్డ పీలికను నగ చుట్టూ మెల్లగా లాగినప్పుడు ఎక్కడా పోగు తట్టుకోకూడదు. తట్టుకుంటే ఆ చోటును తడి ఉప్పుకాగితంతో మళ్లీ రుద్దాలి. పొడిగా రుద్దితే లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు హానికరం. ఈ పరీక్ష చేయకుండా ధర్మవరం పట్టుచీర మీద లాకెట్టు వేసుకోవద్దు, జరీ పోగు ఒకసారి లేచిందంటే దానిని తిరిగి సర్దడం చాలా కష్టం.

ఇక ముక్క వంపు. ఈ పాఠంలో అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసింది ఇదే. కప్పుకు బొమ్మ సాధారణంగా వెలుపలి వైపు, అంటే ఉబ్బెత్తు వైపు ఉంటుంది. ఆ ముక్కను లాకెట్టుగా వేసుకుంటే లోతు వైపు ఒంటికి వస్తుంది, అంచులు రెండు పక్కలా ఆనుకుంటాయి, నగ కదలకుండా కూర్చుంటుంది. పళ్లెం సంగతి వేరు: బొమ్మ లోపలి వైపు ఉంటుంది, కాబట్టి అంచు దగ్గర తీసిన ముక్కకు ఉబ్బెత్తు వీపు ఒంటికి తగిలి, ఒక్క బిందువు మీద నిలబడి, నడిచినప్పుడల్లా పక్కకు తిరుగుతుంది. అటువంటి ముక్కకు పైన ఒక్క కొక్కెం చాలదు. రెండు కొనల దగ్గర రెండు వలయాలు పెట్టించి, గొలుసును రెండు వైపులా కలపాలి. పళ్లెం నడిమి ముక్క చదునుగా ఉంటుంది గనుక మొదటిసారి ధరించేవారికి అదే అనువైనది.

బరువును కూడా ముందే లెక్క వేసుకోవచ్చు. 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న కోడిగుడ్డు ఆకారపు ముక్క, వెండి కాకుండా, దాదాపు 7 గ్రాములు తూగుతుంది. మెడకు అది బరువు కాదు, చెవికి బరువే. కమ్మలకు ఒకటిన్నర సెంటీమీటర్లకు మించని గుండ్రని ముక్కలు చాలు, అవి ఒక్కొక్కటి ఒకటింబావు గ్రాముకు అటూ ఇటూగా ఉంటాయి. ఉంగరంగా మాత్రం పండుగకో పెళ్లికో తప్ప పెట్టుకోవద్దని నా సలహా, ఎందుకంటే ఇంటి పనిలో చేయి రోజంతా స్టీలు గిన్నెలకు తగులుతూనే ఉంటుంది.

మంగళసూత్రం ఉన్న గొలుసుతో పింగాణీ లాకెట్టు ఒరుసుకోకుండా చూసుకోండి. పింగాణీ మీది మెరుగుపూత బంగారం కన్నా చాలా గట్టిది, అది బంగారాన్ని గీస్తుంది. ముత్యాలను కూడా వదలదు. తాళి పొడవుగా వేలాడే వారు లాకెట్టును 45 సెంటీమీటర్ల పొట్టి గొలుసుకు వేసి, గొంతు గుంట కిందనే నిలుపుకుంటే రెండూ కలవవు. పెట్టెలో దాచేటప్పుడు కూడా విడిగా గుడ్డలో చుట్టాలి.

బొమ్మ మెరుగుపూత కింద ఉందా, పైన ఉందా అన్నది కూడా తెలుసుకోవాలి. ఇంగ్లాండు నుంచి వచ్చిన నీలి విల్లో చెట్టు బొమ్మ వంటివి సాధారణంగా పూత కింద అచ్చు వేసినవి, రుద్దుడుకు చెరగవు. అంచున ఉండే బంగారు గీత మాత్రం పూత మీద వేసి తక్కువ వేడిలో కాల్చినది, వేళ్ల రాపిడికే నెమ్మదిగా పోతుంది. ముక్కను ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూస్తే పైన వేసిన రంగు కొద్దిగా ఉబ్బెత్తుగా కనబడుతుంది. పాత కాలపు ఆ పై రంగులలో సీసం ఉండవచ్చు, కాబట్టి ఆ వైపును చర్మానికి తగలనీయకండి, నోట్లో పెట్టుకునే పసిపిల్లలకు అటువంటి నగ వేయకండి.

అనంతపురం, కర్నూలు ఎండలలో చెమట తప్పదు. పూతలో సన్నని నెరియలున్న ముక్క చెమటను, తలనూనెను పీల్చుకుని మరకలు పడుతుంది. అందువల్ల నూనె, పౌడరు, అత్తరు అన్నీ అయిన తరువాత చివరగా నగ పెట్టుకోవాలి, తీసేటప్పుడు మొదట దానినే తీయాలి. తీసిన వెంటనే తడి గుడ్డతో తుడిచి, ఆరనివ్వండి. వెండిని తోమినట్లు చింతపండుతోనో విభూతితోనో తోమవద్దు: పులుపు పై రంగులను తింటుంది, విభూతి బంగారు గీతను అరగదీస్తుంది. వెండి పట్టీ నల్లబడితే పట్టీని మాత్రమే మెత్తని గుడ్డతో రుద్దండి.

వచ్చే పాఠానికి ముందు ఒక అభ్యాసం. మీ లాకెట్టును నూలు చీర మీద వేసుకుని, ఇంట్లో కొంతసేపు నడవండి, వంగండి, మెట్లు ఎక్కండి. అది ఏ వైపు తిరుగుతున్నదో, పైట పిన్నుకు గాని తాళికి గాని ఎక్కడ తగులుతున్నదో రాసి పెట్టుకోండి. ఆ తిరుగుడును సరిచేయడానికి వలయాల స్థానం మార్చే పద్ధతిని అయిదవ పాఠంలో చూద్దాము.