గ్రాఫిక్ నవలలతో లైబ్రరీ పీరియడ్ నడపడం ఎలా?

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు పుస్తకం ముట్టుకోవడం లేదని వాపోయే హైస్కూళ్లలో చాలాచోట్ల లైబ్రరీ బీరువాకు తాళం ఉంటుంది. తాళం తీసినా లోపల నీతికథలు, మహనీయుల జీవితచరిత్రలు, పాత గైడ్లు. కొందరు మాస్టార్లు శ్రద్ధగా డబ్బు పోగుచేసి మంచి నవలలు, కథంతా బొమ్మలతో, మాటల బుడగలతో నడిచే గ్రాఫిక్ నవలలు తెస్తారు. తెచ్చినవాళ్లు కూడా ఎక్కువమంది ఒక్కచోటే పాడుచేస్తున్నారు. పుస్తకం పిల్లల చేతికిచ్చిన మొదటి అరగంటలో. అందుకే మిగతావి గబగబా చెప్పేసి ఆ అరగంట దగ్గర ఆగుతాను.

ముందు సామాను. ఒక ఇనుప ర్యాక్, నాలుగు చాపలు, ఒక రిజిస్టరు. ర్యాక్‌ను గోడకు జానెడు దూరంలో పెట్టండి. మన గోదావరి జిల్లాల్లో వానాకాలమంతా గోడలు చెమ్మగానే ఉంటాయి, గోడకు ఆనిన పుస్తకానికి బూజు, ఆ తర్వాత చెదలు. వరదొచ్చే లంక గ్రామాల బడులైతే జూలై రాకముందే కింది అర ఖాళీ చేసేయండి. పుస్తకాలకు బ్రౌన్ పేపర్ అట్టలు వేయకండి. ముఖచిత్రం కనబడకపోతే ఆ పుస్తకాన్ని తీసే పిల్లవాడు ఉండడు. వెన్ను కాదు, ముఖం బయటికి ఉండేలా పేర్చాలి.

రెండోది ఎంపిక. మొదటి ఏడాదికి ముప్పై పుస్తకాలు చాలు. మూడు వందలు ఒకేసారి తెస్తే వాటిలో మీరే చదవనివి ఉంటాయి, మీరు చదవని పుస్తకం ర్యాక్‌లో ఉండకూడదు. రుడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికా ప్రొఫెసర్ 1990లో ఒక మాట రాశారు: పిల్లలకు పుస్తకాలు తమను తాము చూసుకునే అద్దాలుగానూ ఉండాలి, ఇతరుల బతుకు చూపే కిటికీలుగానూ ఉండాలని. సగం అవి, సగం ఇవి తెచ్చుకోండి, కానీ అద్దాలు ముందు ఇవ్వండి. చేపలపేట పిల్లకు, మాలపల్లి పిల్లవాడికి, మసీదు వీధి పిల్లకు తన ఇంటివంటి ఇల్లు అచ్చులో ఒక్కసారైనా కనబడాలి. తెలుగులో అలాంటివి లేవని చెప్పేవాళ్లు వెతకనివాళ్లు. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ పిల్లల కోసం తెచ్చిన కథల్లో గోగు శ్యామల, జూపాక సుభద్ర, మహమ్మద్ ఖదీర్‌బాబు రాసినవి ఉన్నాయి. ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలు ఏడో తరగతి పిల్లలు పోటీలు పడి తీసుకెళ్తారు. నరసాపురంలో పుట్టిన బాపు బొమ్మలతో బుడుగు ఎలాగూ ఉండాలి. డబ్బు చాలకపోతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, నాలుగో స్థాయివి ఎంచుకుని రంగుల్లో ప్రింటు తీయించండి.

కిటికీల సంగతికొస్తే గ్రాఫిక్ నవలలకు సాటి లేదు. ‘బొమ్మల పుస్తకాలు చిన్నపిల్లలకు కదండీ’ అనే మాట ఇంకా వినబడుతూనే ఉంది. అమెరికాలో పిల్లల సాహిత్యానికి 1922 నుంచి ఇస్తున్న న్యూబెరీ పతకం 2020లో మొదటిసారి ఒక గ్రాఫిక్ నవలకు వచ్చింది. జెర్రీ క్రాఫ్ట్ రాసి, బొమ్మలు వేసిన ‘న్యూ కిడ్’ అది. జోర్డాన్ అనే నల్లజాతి కుర్రాడు ఏడో తరగతిలో పెద్ద ప్రైవేటు బడిలో చేరతాడు. అక్కడ టీచర్లు ఒక నల్లపిల్లవాణ్ణి ఇంకో నల్లపిల్లవాడి పేరుతో పిలుస్తుంటారు. పల్లెటూరి నుంచి కాకినాడ, భీమవరం ప్రైవేటు బడులకు బస్సెక్కే మన పిల్లలకు ఇందులో వివరించి చెప్పాల్సింది పెద్దగా ఉండదు. విక్టోరియా జేమీసన్, ఒమర్ మొహమ్మద్ కలిసి చేసిన ‘వెన్ స్టార్స్ ఆర్ స్కాటర్డ్’ కూడా తప్పక తెప్పించండి. కెన్యాలోని దదాబ్ శరణార్థి శిబిరంలో అమ్మ ఆచూకీ తెలియక బతికే ఇద్దరు సోమాలీ అన్నదమ్ముల నిజ కథ అది. కువైట్‌కి పనికెళ్లిన అమ్మ కోసం ఎదురుచూస్తూ అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు కోనసీమలో చాలామంది ఉన్నారు. ఆ పుస్తకం వాళ్లు ఎలా పట్టుకుంటారో చూస్తే, దూరదేశం కథలు మన పిల్లలకెందుకని మళ్లీ అడగరు.

ఇక అసలు పని. మొదటి అరగంట.

మొదటి గ్రాఫిక్ నవలగా సీసీ బెల్ రాసిన ‘ఎల్ డెఫో’ మాత్రమే ఇవ్వండి, ఇంకోటి వద్దు. 2014లో వచ్చింది. చిన్నప్పుడే జబ్బుచేసి వినికిడి పోయిన రచయిత్రి తన సొంత బాల్యాన్ని, అందరినీ కుందేళ్లుగా బొమ్మలేసి చెప్పుకుంది. ఇంగ్లీషు తేలిక, బొమ్మల గళ్లు వరసగా ఉంటాయి.

ఒక్క కాపీకి ముగ్గురిని కూర్చోబెట్టండి. నలుగురైతే ఒకరికి బొమ్మ తలకిందులుగా కనబడుతుంది. ఒక్కరే అయితే మొదటిసారి మాటల బుడగల మీద పరుగెత్తి పది నిమిషాల్లో ‘అయిపోయిందండి మాస్టారూ’ అంటూ లేస్తారు. ఆ పిల్లవాడు పుస్తకం చదవలేదు, బుడగలు చదివాడు. బొమ్మలున్న పుస్తకాన్ని మామూలు పుస్తకంలా చదివించడం ఇక్కడే మొదలవుతుంది. దాన్ని ఇక్కడే ఆపాలి.

మొదటి నాలుగు పేజీలూ మాటలు చదవవద్దని చెప్పండి. ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి గడి గడికీ వేలు పెట్టి బొమ్మలే చూడమనండి. తర్వాత వెనక్కి వచ్చి మాటలతో చదువుకుంటారు. మీరు అడగదగ్గ ప్రశ్న ఒక్కటే ఉంది: ‘ఈ గడికీ ఆ గడికీ మధ్య ఏం జరిగింది?’ గ్రాఫిక్ నవలలో సగం కథ ఆ రెండు గళ్ల మధ్య తెల్లటి జాగాలో ఉంటుంది. మొదటి గడిలో తలుపు దగ్గరున్న పిల్ల రెండో గడిలో మంచం మీద దుప్పటి కప్పుకుని ఉంటే, మధ్యలో ఏడ్చిందో లేదో పాఠకుడే పూరించుకోవాలి. ఆ పని నేర్చుకున్న పిల్ల తర్వాత మామూలు నవలలో కూడా రచయిత చెప్పకుండా వదిలింది పట్టుకుంటుంది.

తర్వాత ఒక చోటు వస్తుంది, అక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి. ‘ఎల్ డెఫో’లో సీసీ వినికిడి యంత్రం బ్యాటరీ అయిపోతున్నప్పుడు బుడగల్లో అక్షరాలు గడి గడికీ పలచబడతాయి. చివరికి ఖాళీ బుడగలు మిగులుతాయి. నోళ్లు కదులుతుంటాయి, మాట ఉండదు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ‘మాస్టారూ, ప్రింటు పోయిందండి’ అంటారు. ఆ క్షణంలో మీరు నోరు విప్పకూడదు. ‘ఆమెకు వినబడటం లేదు కదా, అందుకని’ అన్నారంటే పుస్తకం చేయాల్సిన పని మీరు చేసేసినట్టే. ‘చూడండి’ అని మాత్రం అని పక్కకు తప్పుకోండి. వాళ్లు పేజీ వెనక్కి తిప్పుతారు, ముందుకు తిప్పుతారు, ఒకరితో ఒకరు వాదించుకుంటారు. ఒకళ్లు బ్యాటరీ బొమ్మ మీద వేలు పెడతారు. రెండు నిమిషాలు పట్టవచ్చు, ఐదు పట్టవచ్చు. అంతసేపు ఊరుకోవడం మనలాంటి పాఠాలు చెప్పేవాళ్లకు కష్టమే. అయినా ఊరుకోవాలి. వినబడకపోవడమంటే ఏమిటో ఆ ముగ్గురికీ అప్పుడు తెలిసినంతగా ఏ ఉపన్యాసంతోనూ తెలియదు.

గట్టిగా చదివించకండి. ఇంగ్లీషు తడబడే పిల్లవాణ్ణి చూసి పక్కవాడు ఒక్కసారి నవ్వితే వాడు మళ్లీ ర్యాక్ దగ్గరికి రాడు. అర్థం అడిగినప్పుడు తెలుగులో చెప్పండి, అడగని మాట చెప్పకండి. ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాషగా ఉన్న పాఠ్యపుస్తకాలతో పెరిగిన పిల్లలు వీళ్లు, రెండు భాషల మధ్య తిరగడం వాళ్లకు కొత్త కాదు. పుస్తకంలో పెన్సిల్‌తో అర్థాలు రాయడం మాత్రం ఎవ్వరికీ కుదరదు.

కొన్ని బడుల్లో పీడీఎఫ్ తెచ్చి క్లాసులోని పెద్ద ప్యానెల్ మీద వేసి అందరికీ ఒకేసారి చూపిస్తున్నారు. దొంగ కాపీ అన్నది ఒక తప్పు. అంతకన్నా పెద్ద తప్పు, పేజీ మాస్టారి వేలికింద తిరగడం. గ్రాఫిక్ నవలలో పేజీ తిప్పడం కూడా చదవడమే, అది పిల్లల చేతిలో ఉండాలి. పుస్తక సమీక్ష పోటీలు, ‘ఈ కథలోని నీతి ఏమిటి’ అనే ప్రశ్నలు కూడా ఈ పీరియడ్‌లోకి రానివ్వకండి. నోట్‌బుక్ తెరిచిన పిల్ల పుస్తకం మూసేస్తుంది.

‘భీమాయన’ సంగతి విడిగా చెప్పాలి. అంబేడ్కర్ జీవితాన్ని దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ అనే గోండు చిత్రకారులు బొమ్మల్లో చెప్పిన పుస్తకం, నవయాన ప్రచురణ సంస్థ 2011లో తెచ్చింది. ఇందులో గళ్లే ఉండవు, కాబట్టి మొదటి పుస్తకంగా పనికిరాదు, మూడోదో నాలుగోదో అవ్వాలి. మెత్తని మాటల బుడగ పిట్టలా ఉంటుంది, కుట్టే మాటల బుడగకు తేలు కొండి ఉంటుంది. ఇది కూడా పిల్లలనే కనుక్కోనివ్వండి. కాలవ గట్టు మీద బడి ఉన్న ఊళ్లో కూర్చుని, బడిలో దాహమేస్తే నీళ్లు ముట్టనివ్వని పిల్లవాడి కథ చదువుతుంటారు వాళ్లు.

కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడం మీద 2022 మేలో అమలాపురంలో జరిగిన గొడవల గురించి ఇళ్లలో అన్న మాటలు ఈ పిల్లల చెవిన పడే ఉంటాయి. గొడవెందుకని కొందరు ఈ పుస్తకాన్ని బీరువాలోనే ఉంచేస్తారు. అలా చేయకండి. కాకపోతే ఆ పేజీ తెరిచినప్పుడు దళితపేట పిల్లల వైపు చూడకండి. ‘మీకెప్పుడైనా ఇలా జరిగిందా’ అని పదిమందిలో అసలు అడగకండి. చెప్పుకోవాలనుకున్న పిల్ల పీరియడ్ అయ్యాక తనే వస్తుంది, అప్పుడు వినండి. ఎవరైనా వెటకారంగా మాట్లాడితే మాత్రం అక్కడికక్కడే ఆపాలి.

ఆఖరుది ఇంటికివ్వడం. రిజిస్టరులో పేరు, తేదీ చాలు, ఆ పని ఎనిమిదో తరగతి పిల్లలకే అప్పగించండి. శుక్రవారం ఇచ్చి తర్వాతి శుక్రవారం తీసుకోండి. సంక్రాంతి సెలవులకు ర్యాక్ మొత్తం ఇళ్లకు వెళ్లాలి. తిరిగి రాని పుస్తకానికి జరిమానా వేయకండి, క్లాసులో నిలబెట్టి అడగకండి. ఇంట్లో ఇంకెవరు చదువుతున్నారని అడిగి చూడండి, ఇంటర్ చదివే అక్క దగ్గరో, పిన్ని దగ్గరో ఉందని తేలడం మామూలే. అలాంటి ఇంటికి ఇంకో వారం గడువు రాసి, రెండో పుస్తకం కూడా ఇచ్చి పంపండి.