తెలుగు గ్రంథాల రికార్డులు ఎక్కడ చెడుతున్నాయి: మార్క్, ఎక్స్ఎంఎల్ సమస్యలు - పరిష్కారాలు

ఒక తెలుగు పుస్తకం వివరం క్యాటలాగర్ బల్ల దగ్గర బయలుదేరి పాఠకుడి తెర మీదికి చేరేలోపు అనేక చేతులు మారుతుంది. ఆ దారిలో దానిని మోసే రూపాలు రెండు: పుస్తక వివరాలను అంకెల పేర్లున్న ఫీల్డులుగా నమోదు చేసే గ్రంథాలయ పద్ధతి మార్క్, సమాచారాన్ని ట్యాగుల మధ్య రాసే పద్ధతి ఎక్స్ఎంఎల్. నమోదు ఫారం, డేటాబేసు, ఎగుమతి ఫైలు, ఇతర గ్రంథాలయాలు రికార్డులను సేకరించుకొనే సేవ, వీటిలో ఏ మజిలీలోనైనా అది చెడవచ్చు. తెర మీద కనిపించే లోపం తెర దగ్గర పుట్టడం అరుదు. కాబట్టి కనిపించిన చోటే దిద్దబోకుండా, లక్షణాన్ని బట్టి వెనక్కు నడిచి, ఏ మజిలీ వరకు రికార్డు సరిగా ఉందో మొదట తేల్చుకోవాలి. ఏ మార్పు చేసే ముందైనా మొత్తం రికార్డుల నకలు ఒకటి విడిగా భద్రపరచుకోవాలి.

తెలుగు అక్షరాలకు బదులు వేరే గుర్తులు కనిపిస్తున్నాయి

ఈ ఒక్క ఫిర్యాదు వెనుక నాలుగు వేర్వేరు జబ్బులు ఉండవచ్చు. వాటిని కలగలిపి వైద్యం చేయడం వల్ల జరిగే నష్టం పెద్దది కనుక ఇక్కడ కొంచెం నిదానంగా చూడాలి.

ఖాళీ గళ్లు కనిపిస్తే రికార్డులో తప్పేమీ లేదు. ఆ కంప్యూటరులో తెలుగు ఫాంటు లేదు, అంతే.

తలపై వాలుగీత ఉన్న చిన్న ఆంగ్ల 'ఎ' (à), దాని పక్కన '°' లేదా '±' గుర్తు పదేపదే వస్తుంటే, బైట్లు (ఫైలులో దాచిన సంఖ్యలు) క్షేమంగానే ఉన్నా చదివే ప్రోగ్రాములు తప్పుగా చదువుతున్నాయని అర్థం. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. వాటిలో మొదటిది ఎప్పుడూ 224, రెండవది 176 లేదా 177. పాశ్చాత్య భాషల పాత పట్టిక ప్రకారం చదివితే 224 ఆ వాలుగీత అక్షరం అవుతుంది, 176 డిగ్రీ గుర్తు, 177 ప్లస్-మైనస్ గుర్తు అవుతాయి. ఎక్స్ఎంఎల్ ఫైలైతే మొదటి పంక్తిలోని ఎన్‌కోడింగ్ ప్రకటనను చూడండి. మార్క్ 21 ఫైలైతే రికార్డు ఆరంభ భాగమైన లీడర్‌లో సున్నా నుంచి లెక్కించి తొమ్మిదవ స్థానాన్ని చూడండి. అక్కడ చిన్న ఆంగ్ల 'ఎ' (a) ఉంటే యూనికోడ్, ఖాళీ ఉంటే గ్రంథాలయాల పాత అక్షర పట్టిక అయిన మార్క్-8. మార్క్-8లో తెలుగుకు చోటే లేదు. ప్రకటనను సరిచేసి ఫైలును మళ్లీ దిగుమతి చేయాలే తప్ప, పాడైన అక్షరాలను ఒక్కొక్కటిగా చేత్తో దిద్దకూడదు.

వరుసగా ప్రశ్నార్థకాలే మిగిలితే మాత్రం అసలు బైట్లే పోయాయి. తెలుగును నిలుపుకోలేని డేటాబేసు పట్టికలో భద్రపరచినప్పుడు ఇలా జరుగుతుంది. ఏ మార్పిడి సాధనమూ వాటిని తిరిగి తేలేదు. పాత నకలు వెదకాలి, అదీ లేకపోతే పుస్తకాన్నే మళ్లీ చేతిలోకి తీసుకోవాలి.

నాలుగవది 'అను' వంటి పాత డీటీపీ (కంప్యూటరుపై ముద్రణకు కూర్చే) ఫాంట్లలో కూర్చిన పాఠం. ఆ ఫాంటు ఉంటేనే అది తెలుగులా కనిపిస్తుంది, లేకపోతే ఆంగ్లాక్షరాల, గుర్తుల గుంపు. దానిని యూనికోడ్‌లోకి మార్చిన తరువాత, ముఖ్యంగా ఒత్తులను, మూల పుస్తకంతో పోల్చి చూసి గాని రికార్డులో చేర్చకూడదు.

రికార్డుల సేకరణ మధ్యలో ఆగిపోతోంది

గ్రంథాలయాలు ఒకరి రికార్డులను ఒకరు సేకరించుకొనే ఓఏఐ-పీఎంహెచ్ పద్ధతిలో రికార్డులు ఎక్స్ఎంఎల్‌గా విడతలు విడతలుగా వెళతాయి. ఒక విడతలో ఒక్క రికార్డు చెడినా ఆ విడత మొత్తం చదవడానికి వీలుకాదు. తరువాతి విడతకు దారి చూపే టోకెన్ కూడా అందులోనే ఉంటుంది కనుక పని అక్కడితో ఆగుతుంది. వందలో తొంభైతొమ్మిది బాగున్నా సేకరించేవారికి ఏదీ అందదు.

మొదట అనుమానించవలసింది '&' గుర్తును. వావిళ్ల రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్ వంటి ప్రచురణకర్త పేరులో 'అండ్' స్థానంలో ఆ గుర్తు ఉండి, ఎగుమతి ప్రోగ్రాము దానిని ఉన్నదున్నట్టుగా ఎక్స్ఎంఎల్‌లోకి వదిలితే, చదివే సాధనం దానిని ఒక ఎంటిటీకి (ఒక గుర్తుకు బదులు రాసే సంకేత పేరుకు) ఆరంభంగా భావించి, పేరు దొరకక ఆగిపోతుంది. రెండవ అనుమానం వెబ్ పేజీల నుంచి అతికించిన సారాంశాలపై. విడదీయరాని ఖాళీకి హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న ఎంటిటీ పేరు ఎక్స్ఎంఎల్‌కు తెలియదు, ఎందుకంటే దానికి పుట్టుకతో తెలిసిన ఎంటిటీలు ఐదే. మూడవది కంటికి కనిపించదు: పాత మార్క్ ఫైళ్లలో రికార్డులను, ఫీల్డులను, సబ్‌ఫీల్డులను వేరుచేసే 29, 30, 31 సంఖ్యల నియంత్రణ సంకేతాలు పొరపాటున పాఠంలో మిగిలిపోవడం. ఎక్స్ఎంఎల్ 1.0 వీటిని ఏ రూపంలోనూ అనుమతించదు.

తాత్కాలిక ఉపాయంగా, చెడిన రికార్డును వెదికి దిద్దవచ్చు. లోపం ఏ పంక్తిలో ఉందో ఎక్స్ఎంఎల్‌లింట్ అనే తనిఖీ సాధనం చెబుతుంది. శాశ్వత పరిష్కారం మాత్రం ఎగుమతి ప్రోగ్రాములోనే ఉంది: ట్యాగులను, పాఠాన్ని ముక్కలుగా అతికించే పద్ధతి మానేసి, ఎక్స్ఎంఎల్ రాయడానికి ఉద్దేశించిన ప్రోగ్రామింగ్ లైబ్రరీతోనే (సిద్ధంగా ఉన్న కోడ్ సంపుటితోనే) రాయించాలి.

పొడవైన విషయసూచిక ఉన్న రికార్డులు తెగిపోతున్నాయి

పాత మార్క్ మార్పిడి ఫైలులో, అంటే ఐఎస్ఓ 2709లో, ఒక్కొక్క ఫీల్డు పొడవుకు నాలుగు అంకెలే కేటాయించారు. 9999 బైట్లు దాటితే రాయడానికి చోటు లేదు. ఆంగ్లంలో ఈ హద్దు తగలడం అరుదు. తెలుగులో 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికే ఆరు సంకేతాలు, పద్దెనిమిది బైట్లు కావాలి కనుక, కథల సంపుటి విషయసూచికను 505 ఫీల్డులో పూర్తిగా ఎక్కిస్తే హద్దు త్వరగానే వస్తుంది. బైట్లకు బదులు అక్షరాలను లెక్కించే ప్రోగ్రాములైతే చిన్న రికార్డులను కూడా చెడగొడతాయి, ఆ తరువాతి ఫీల్డులన్నీ స్థానం తప్పుతాయి. మార్క్ రికార్డునే ఎక్స్ఎంఎల్ రూపంలో రాసే మార్క్-ఎక్స్ఎంఎల్‌లో ఈ హద్దు లేదు కాబట్టి తెలుగు రికార్డుల మార్పిడికి దానినే వాడాలని నా సలహా. అది కుదరకపోతే 505ను రెండు మూడుగా విడగొట్టవచ్చు.

పుస్తకం ఉంది, వెదికితే దొరకడం లేదు

'వైద్యం' అని వెదికితే కొన్ని పుస్తకాలే వస్తున్నాయనుకుందాం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దానికింద వచ్చే ఐత్వపు గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, యంత్రానికి వేరు. రికార్డులన్నిటినీ, వెదికే పదాన్నీ కూడా ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి, అంటే కలిపి రాసే ఒకే సంకేతపు రూపంలోకి తెస్తే ఈ భేదం పోతుంది. 'పార్క్‌లో' వంటి మాటల్లో పొల్లును విడిగా నిలిపే అదృశ్య సంకేతం ఇంకొక అడ్డంకి. దానిని రికార్డులో ఉంచి, సూచిక తయారీలో మాత్రం వదిలేయాలి. కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేరులో జీబ్రా అనే సూచికను వాడేవారు యూనికోడ్ పాఠాన్ని పదాలుగా విడదీసే ఐసీయూ పద్ధతిని ఎంచుకున్నారో లేదో కూడా చూసుకోవాలి.

అరసున్నలు, బండి 'ఱ' ఉన్న పాత శీర్షికలను నేటి రాతలోకి మార్చి నమోదు చేయడం నాకు సమ్మతం కాదు. ముఖపత్రంపై ఉన్నది ప్రధాన శీర్షిక ఫీల్డు 245లో యథాతథంగా ఉండాలి, నేటి రూపం శీర్షిక ఇతర రూపాలకు ఉద్దేశించిన 246లో ఉండాలి.

ఫైలు బాగుంది, క్వెరీకి ఫలితం శూన్యం

ఇది దాదాపు ఎప్పుడూ నేమ్‌స్పేస్ (ట్యాగులు ఏ పదజాలానికి చెందుతాయో తెలిపే పేరు) సమస్యే. గ్రంథ పాఠాలను ఎక్స్ఎంఎల్‌లో గుర్తించే టీఈఐ ప్రమాణపు పీ4 కూర్పు ఫైళ్లకు రాసిన ఎక్స్‌పాత్ క్వెరీలు, అంటే ఫైలులో కావలసిన భాగాన్ని వెదికే ఆదేశాలు, 2007లో వచ్చిన పీ5 ఫైళ్లపై పనిచేయవు, ఎందుకంటే పీ5 ఎలిమెంట్లన్నీ ఒక నేమ్‌స్పేస్‌కు చెందుతాయి. క్వెరీలో ఆ నేమ్‌స్పేస్‌కు ఒక ప్రిఫిక్స్ ప్రకటించి వాడాలి. ఫైలులోని ప్రకటనను తొలగించడం పరిష్కారం కాదు.

ప్రచురణ సంవత్సరం దాదాపు 78 ఏళ్లు వెనక్కు పోయింది

ఏ తనిఖీ సాధనమూ పట్టుకోలేని తప్పు ఇది. ముఖపత్రంపై 'శాలివాహన శకం 1805' అని ఉంటే క్యాటలాగర్ ఆ అంకెనే, సంవత్సరం సంకేతరూపంలో ఉండే 008 ఫీల్డులో వేస్తారు. నాలుగు అంకెలూ ఉన్నాయి కనుక ఎక్స్ఎంఎల్ దృష్టిలో అంతా సక్రమమే. పుస్తకం మాత్రం 1883 నాటిది కాగా, కాలక్రమంలో పేర్చినప్పుడు తెలుగులో అచ్చు ఇంకా అరుదుగా ఉన్న రోజుల్లోకి చేరి, ఆ జాబితా చూసే పరిశోధకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

శక సంవత్సరానికి 78 కలపాలి. ఉగాదితో మొదలైన ఏడాది చివరి నెలలు తరువాతి క్రీస్తు శక సంవత్సరంలో పడతాయి కనుక, నెల తెలియనప్పుడు ప్రచురణ వివరాల ఫీల్డు 264లో ముఖపత్రంపై ఉన్నది యథాతథంగా రాసి, పక్కనే చదరపు కుండలీకరణంలో '1883 లేదా 1884' అని చేర్చాలి. 008లో తేదీ రకానికి సందేహాస్పదమని తెలిపే 'క్యూ' వేసి ఆ రెండు సంవత్సరాలనూ ఇవ్వాలి. స్వభాను, ప్రభవ వంటి సంవత్సర నామం కూడా ఉంటే లెక్క సరిచూసుకోవచ్చు: శకం 1805 స్వభాను సంవత్సరమే. నామం ఒక్కటే ఉండి శకం లేకపోతే తొందరపడకూడదు. ప్రభవ 1867లోనూ, 1927లోనూ, 1987లోనూ వచ్చింది. ముద్రాక్షరశాల, ధర, పీఠికలోని ప్రస్తావనలు చూసి ఏ ఆవృత్తమో నిర్ణయించి, ఆ నిర్ణయానికి ఆధారమేమిటో గమనికల 500 ఫీల్డులో ఒక వాక్యం రాసి ఉంచాలి.