సంక్రాంతికి ఇత్తడి గుండిగలు దించుతున్నారా?

పెద్ద పండగ దగ్గర పడితే అరిసెల పాకానికి, పులిహోరకి, వచ్చే చుట్టాలందరికీ సరిపడా చారుకి ఇంట్లో ఉన్న స్టీలు గిన్నెలు చాలవు. అప్పుడు గుర్తొస్తాయి అటక మీది గుండిగలు. దీనికి తోడు ఈమధ్య కొత్త ఇత్తడి మోజొకటి మొదలైంది. రీల్స్‌లో చింతపండు పెట్టి తళతళా తోమడం, మరుక్షణం అందులోనే సాంబారు మరిగించడం. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఆ సాంబారు మాత్రం నేను తినను.

చింతపండు రుద్దగానే నల్లబడ్డ ఇత్తడి ఎందుకు మెరుస్తుంది? పులుపు పైపొరను కరిగించి తనతో పట్టుకుపోతుంది కాబట్టి. తోమేటప్పుడు అది తూములోకి పోతుంది. వండేటప్పుడైతే చారులో దిగుతుంది. ఇత్తడంటే రాగి, జింకు కలిసిన లోహం. రాగి మోతాదు మించితే కడుపులో తిప్పడం, వాంతులు వెంటనే మొదలవుతాయి.

"మా తాతమ్మ ఇత్తడిలోనే వండింది, తొంభై ఏళ్లు బతికింది" అంటారు. తాతమ్మ వండింది ఇత్తడి మీద కాదండీ, లోపల పూయించిన తగరం మీద. ఆ పూతనే కళాయి అంటారు. ఏటా వీధిలోకి కళాయి వేసేవాళ్లు వచ్చేవారు, ఇంటింటి గిన్నెలూ వాళ్ల ముందు చేరేవి. మనం గిన్నెల్ని మాత్రం వెనక్కి తెచ్చుకున్నాం, కళాయిని మరిచిపోయాం. ఇది చాదస్తం కాదు, చట్టంలోనూ ఉన్న మాటే. 2011 నాటి ఆహార భద్రత ప్యాకేజింగ్ నిబంధనలు, సరిగ్గా కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో వండినా నిలవ చేసినా ఆ తిండి మనుషులు తినడానికి పనికిరానిదిగానే లెక్క అన్నాయి.

పసిపిల్లలున్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. మన దేశంలో ఒకప్పుడు చంటిపిల్లల కాలేయాన్ని దెబ్బతీసే జబ్బొకటి ఉండేది. 1980ల్లో పుణె వైపు జరిగిన పరిశోధనలు దానికీ, కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రల్లో కాచి ఉంచిన పాలకీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టాయి. పాత్రలు మారాక ఆ జబ్బు బాగా తగ్గిపోయింది. కాబట్టి పాలు, పెరుగు, మజ్జిగ ఇత్తడిలో వద్దు. పండగ రోజు ఒక్కసారైనా సరే.

ఇక గిన్నె దించగానే లోపల చూడండి. తెల్లగా వెండిలా ఉంటే కళాయి ఉన్నట్టు. అక్కడక్కడా పసుపు రంగు తేలితే పోయినట్టు. అడుగున, గరిటె తిరిగే చోట ముందు పోతుంది. ఆకుపచ్చ చిలుము కనిపిస్తే తోమేసి సరిపెట్టుకోకండి, మళ్లీ కళాయి వేయించాల్సిందే. పండగకి రెండు రోజుల ముందు ఎవరూ దొరకరు, డిసెంబరులోనే పని కానివ్వండి.

అసలు మోసం జరిగేదీ కళాయి దగ్గరే. తగరం ధర సీసం ధరకి పది రెట్ల పైమాటే. అందుకని కొందరు ఒంటికి విషమైన సీసం కలిసిన, అతుకులకి వాడే సోల్డరు కడ్డీతో పూసేస్తారు. వేసిన రోజు రెండూ ఒకేలా మెరుస్తాయి, కంటితో పోల్చుకోలేం. పని మన కళ్లెదుటే చేయించుకుంటే కొంత నయం. గిన్నెని కొలిమి మీద తిప్పి తిప్పి కాలుస్తారు, నవసాగరం (అమ్మోనియం క్లోరైడు) పొడి చల్లుతారు, తెల్లటి పొగ లేస్తుంది. ఆ వేడిలో తగరపు కడ్డీని అలా తాకిస్తే చాలు, కొస కరిగి బొట్టుగా జారుతుంది. దూది ఉండతో ఒక్క రుద్దు రుద్దితే పసుపు మీద తెలుపు పాకుతూ పోతుంది. ఆ పొగ గొంతుకి మంట, పిల్లల్ని దూరంగా ఉంచండి. పనికి ముందే "ఏం కడ్డీ వాడుతున్నారండీ, ఒకసారి ఇస్తారా?" అని అడగండి. స్వచ్ఛమైన తగరాన్ని చెవి దగ్గర పెట్టి వంచితే లోపల ఏదో విరుగుతున్నట్టు సన్నగా కరకరమంటుంది. సీసం బాగా కలిస్తే ఆ చప్పుడు చచ్చిపోతుంది. ఇది గుర్తే గానీ రుజువు కాదు. ఇవ్వడానికి ఇష్టపడకపోతే మాత్రం గిన్నె తీసుకుని వచ్చేయండి.

కొత్తది కొనేవాళ్లకి తయారీ తేడా తెలియాలి. ఇత్తడి సామాను రెండు రకాలు: రేకుని సాగగొట్టి చేసేది, కరిగించి అచ్చులో పోసేది. సాగగొట్టే రేకులో మామూలుగా సీసం తక్కువ. పోత సామానుతోనే భయం. కుళాయిలు, వాల్వులు లేతు మీద సులువుగా తెగడానికి వాటి ఇత్తడిలో 2, 3 శాతం సీసం కావాలనే కలుపుతారు. ఆ కుళాయిలే తుక్కుగా మారి కొలిమికి చేరతాయి, మళ్లీ పోతపోస్తే కళ్లు చెదిరే బరువైన గిన్నె అవుతుంది. దీపపు కుందెకి, గంటకి, గుమ్మం ముందు ఉరుళికి దాంతో ఇబ్బంది లేదు. అన్నం వండే గిన్నెకి ఉంది. బరువు చూసి నాణ్యత అనుకునే అలవాటు మనది, సీసం కూడా బరువేనని గుర్తుండదు.

తణుకు దగ్గర అజ్జరం, శ్రీకాకుళం జిల్లా బుడితి లాంటి చోట్ల చేసినవాళ్ల దగ్గరే కొనే వీలుంటే, రేకుదా పోతదా, అతుకు దేనితో వేశారు, లోపల కళాయి ఎవరు వేశారు అని మొహమాటపడకుండా అడగండి. బిల్లు మీద "వంటకి" అని రాయించుకోండి. అలంకారానికి చేసిన సామానుకి మెరుపు పోకుండా పైన పారదర్శకమైన వార్నిషు పూత ఉంటుంది, దాన్ని పొయ్యి ఎక్కించకూడదు. 2024 మార్చిలో కేంద్రం ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ ఇచ్చిన ఆదేశం స్టీలు, అల్యూమినియం వంటపాత్రల కోసం. దాన్ని చూపించి ఇత్తడికి భరోసా ఇచ్చే అమ్మకందారుల్ని నమ్మకండి.

వాడకంలో ముఖ్యమైన లెక్క ఒక్కటే. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సోల్డరు కళాయైతే 183 నుంచే మెత్తబడుతుంది. గిన్నెలో నీళ్లో పాకమో ఉన్నంతసేపు భయం లేదు. ముద్దపాకం తగరం కరిగే వేడిలో సుమారు సగానికే వచ్చేస్తుంది. ఖాళీ గిన్నెని పెద్ద మంట మీద పెట్టి ఫోను మాట్లాడుతూ కూర్చుంటే మాత్రం కళాయి బొట్లు బొట్లుగా అడుక్కి చేరుతుంది. అందుకే తాలింపు వేరే ఇనప గరిటెలో పెట్టి వంపండి. అరిసెలు వేయించడానికి ఇనప మూకుడు ఉండనే ఉంది. కలపడానికి చెక్క గరిటె, తోమడానికి మెత్తటి పీచు. పులిహోరకి ఇత్తడి పళ్లెంలో అన్నం ఆరబోసుకోండి, పసుపూ నూనే కలపండి. పులుసు గుజ్జు పోసే ముందు స్టీలు బేసినులోకి మార్చండి. మిగిలిన చారు రాత్రి గుండిగలోనే ఉంచేసి మూత పెట్టడం అసలు వద్దు.

అమెరికాలో ఉన్న పిల్లలకి సామాను సర్దేవాళ్లకి ఒక మాట. 2025 ఆగస్టులో అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, దిగుమతైన కొన్ని వంటపాత్రల నుంచి సీసం తిండిలోకి దిగుతోందని హెచ్చరించింది. అందులో ఇత్తడి, అల్యూమినియంతో పాటు మనం ఇండాలియం అని పిలిచే అల్యూమినియం మిశ్రమం కడాయిల పేరూ ఉంది. అమ్మమ్మ గిన్నె అని మనసు లాగితే తీసుకెళ్లండి, పూలు వేసి హాల్లో పెట్టుకోమనండి. వండుకునే తీరాలంటే ముందు లోహాలు పరీక్షించే ల్యాబులో, ఎక్స్‌రేలతో లోహంలో ఏమేం కలిశాయో చెప్పే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషను కింద పెట్టించాలి. బంగారం దుకాణంలో కనిపించే మిషను బంగారం లెక్కకి అమర్చినది, సీసం సంగతి దాన్ని అడిగి లాభం లేదు.

ఇప్పటికే అనుమానం ఉన్న గిన్నెలో రోజూ వండుతుంటే, ఇంట్లో చిన్నపిల్లలో గర్భిణులో ఉంటే, వాడకం ఆపేసి డాక్టరుతో మాట్లాడి రక్తంలో సీసం పరీక్ష చేయించండి. లక్షణాలు కనబడే దాకా ఆగొద్దు. సీసం చాలాకాలం ఏ లక్షణమూ చూపించదు.